ఆచార్య సతీష్ ధావన్

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట నుండి తూర్పుగా సముద్రమువైపు పోవు త్రోవ పులికాటు సరస్సును రెండుగా చీల్చుకొని సాగును. కార్తిక మార్గశిర మాసములలో ఆ త్రోవకు ఇరుప్రక్కల కనుచూపు మేర నీరే. ఆ నీటిలో ఎఱ్ఱరెక్కల రాజహంసలు బారులు తీరి మేయుచుండును. వేసవి ముదిరిన పిమ్మట అదే త్రోవను పోవువానికి నీరు కానరాదు. నేల బీటలు వారి, పైన ఉప్పుపొర తేలి, ఎండలో కన్నులకు మిరుమిట్లు గొల్పును. అక్కడక్కడ ఇలకూర మొదలగు ఉప్పునేల మొక్కలు నేలను అంటిపెట్టుకొని యుండును. మంచినీటి మొక్క ఒక్కటియు బ్రతుకజాలని ఆ చవిటిలో అవి కండగల చిన్న ఆకులలో నీరు దాచుకొని బ్రతుకును. త్రోవ చివర శ్రీహరికోట. అది సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నిలిచిన సన్నని ఇసుకదీవి. మన దేశపు ఉపగ్రహములను మోసికొనిపోవు రాకెట్లు ఆ దీవినుండియే లేచుచున్నవి.

ఆ రాకెట్టు కేంద్రమునకు సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు. ఆయన తెలుగువాడు కాడు. ఈ తీరమునకు ఎన్నో వందల క్రోసుల దూరమున, కాశ్మీర దేశమందలి శ్రీనగరమున 1920వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన జన్మించెను. అయినను మన తీరమును, మన అడవులను, మన చెఱువులను ఆకాశమునుండి చూచి లెక్కకట్టు విద్య మన దేశమున నిలదొక్కుకొనుటకు ఆయన పూనిక ముఖ్యకారణమగుటచే, ఆయన చరిత్రము తెలుగు విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

ధావన్ తండ్రి న్యాయశాఖలో ఉద్యోగి. బాలుని చదువు లాహోరు నగరమున పంజాబు విశ్వవిద్యాలయమందు సాగెను. ఆ చదువు తీరు విచిత్రమైనది. మొదట గణిత భౌతికశాస్త్రములలో పట్టమందెను. తరువాత ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. ముగించెను. అంతటితో ఆగక 1945లో యంత్రశాస్త్రమున ఇంజనీరు పట్టమును గైకొనెను. లెక్కలు వచ్చినవానికి కావ్యములు రుచింపవనియు, కావ్యములు చదివినవాడు సుత్తి పట్టజాలడనియు తలంచువారికి ఆయన జీవితమే సమాధానము. పెద్దవాడైన పిమ్మట ఆయన వ్రాసిన శాస్త్రవ్యాసములందు కానవచ్చు తేటదనము ఆ సాహిత్యవిద్య వలన కలిగినదేయని నా తలంపు.

కొలదికాలము బెంగుళూరులోని విమాన కర్మాగారమున పనిచేసి, ధావన్ పైచదువులకు అమెరికా వెళ్లెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1947లో విమానశాస్త్రపు పట్టమును, పిదప కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున 1951లో డాక్టరు పట్టమును పొందెను. అచ్చట ఆయనకు గురువు హాన్స్ లీప్‌మన్. విమానపు రెక్కపై గాలి ఒరసికొనిపోవునప్పుడు కలుగు రాపిడిని కొలుచుట ఆయన ఎన్నుకొన్న పని. అంతవరకు ఆ రాపిడిని చాలమంది ఇతర కొలతల సాయమున ఊహించి చెప్పుచుండిరి. ధావన్ అట్లుగాక, పలకలో ఒక చిన్న ముక్కను విడిగా కదలునట్లు అమర్చి, గాలి ఆ ముక్కను ఎంత బలముతో లాగుచున్నదో సూటిగా కొలిచెను. లాగుడు అత్యల్పము, వేగము ధ్వనివేగమును మించునది, పరికరమో వెండ్రుకవాసి తప్పినను పనికిరానిది. ఊహించుటకు బదులు కొలిచి చూచుట అను ఈ అలవాటు ఆయనను కడవరకు విడువలేదు.

1951లో స్వదేశమునకు మరలి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు చేరెను. ధ్వనిని మించిన వేగముతో గాలి వీచు సొరంగమును, తక్కువ ఖర్చుతో, చేతికందిన సామగ్రితో అచ్చట నిర్మించెను. మన దేశమున అట్టివానిలో అది మొదటిది. 1955లో విమానశాస్త్ర శాఖకు అధిపతి యయ్యెను. 1962లో సంస్థకంతటికిని డైరెక్టరయ్యెను. అప్పటికి ఆయనకు నలువదిరెండేండ్లు. ఆ పదవియందు 1981 వరకు ఉండెను. అంత చిన్నవయసున దానిని చేపట్టినవారును, అంత దీర్ఘకాలము నిర్వహించినవారును ఆ సంస్థ చరిత్రలో వేఱొకరు లేరు. జీవకణ శాస్త్రజ్ఞురాలగు నళినీ నిరోడీని ఆయన వివాహమాడెను.

1971 డిసెంబరు 30వ తేదీన భారత అంతరిక్ష కార్యక్రమమునకు మూలపురుషుడైన విక్రమ సారాభాయి హఠాత్తుగా మరణించెను. శ్రీహరికోటనుండి తొలి చిన్నరాకెట్టు లేచి మూడు నెలలైనను నిండలేదు. పని అంతయు ఆరంభదశలో నున్నది. ఆ సమయమున ధావన్ సెలవుపై కాలిఫోర్నియాలో అధ్యాపనము చేయుచుండెను. నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆయనను ఈ భారము వహింపుమని కోరెను. ధావన్ వెంటనే తల యూపలేదు. విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవిని తాను విడువననియు, అంతరిక్షశాఖ ముఖ్యకార్యాలయము బెంగుళూరులో నుండవలెననియు చెప్పెను. ప్రధాని అందులకు అంగీకరించెను. 1972లో ధావన్ అంతరిక్షసంఘమునకు అధ్యక్షుడయ్యెను. అట్లు తొమ్మిదేండ్లపాటు ఆయన ఒక చేత విద్యాలయమును, ఒక చేత అంతరిక్ష కార్యమును నడపెను.

పేదదేశమునకు ఉపగ్రహములేల అని ఆనాడు పలువురు అడుగుచుండిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. చంద్రునిపై కాలు మోపి వచ్చుట ధావన్ ఆశించిన పని కాదు. పల్లెకు పాఠము చేరవలెను. తుఫాను ముందుగా తెలియవలెను. నేల, నీరు, అడవి ఎంత యున్నవో, ఎంత తఱిగిపోవుచున్నవో లెక్క తేలవలెను. ఈ మూడవ పనికే రిమోట్ సెన్సింగ్ అని పేరు. వస్తువును తాకక, దూరమునుండి దాని గుణమును గ్రహించుట అని దాని యర్థము. 1972 జూలైలోనే అమెరికావారు భూమిని చిత్రించుటకై లాండ్‌శాట్ అను ఉపగ్రహములలో మొదటిదానిని పంపియుండిరి. మన దేశమున ఈ విద్యకై 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ హైదరాబాదున నెలకొనెను. షాద్‌నగరమున పెద్దపళ్లెములవంటి యాంటెన్నాలు వెలసి, 1979 నుండి లాండ్‌శాట్ పంపు చిత్రములను నేరుగా అందుకొనసాగెను. 1980లో ఆ సంస్థ ధావన్ ఏలుబడిలోని అంతరిక్షశాఖ క్రిందికి వచ్చెను.

ఆకాశమునుండి చూచిన ఉప్పు పర్రకును పచ్చిక బీడునకును భేదమెట్లు తెలియును? ఉపగ్రహమందలి కెమెరా మన కన్నువంటిది కాదు. అది వెలుగును రంగులవారీగా విడదీసి, ఒక్కొక్క రంగును వేఱువేఱుగా కొలుచును. అందు మన కంటికి కనబడని పరారుణకాంతియు ఒకటి. పచ్చని ఆకు ఆ కాంతిని మిక్కిలిగా వెనుకకు కొట్టును. నీరు దానిని దాదాపు పూర్తిగా మ్రింగివేయును. తడిబురద కొంచెము మాత్రము తిరిగి పంపును. ఎండి తెల్లబడిన ఉప్పునేల అన్ని రంగులను సమముగా, గట్టిగా తిప్పికొట్టును. కావున చిత్రమున నీరు నల్లగాను, ఉప్పునేల తెల్లగాను కనబడును. పరారుణమును కంటికి చూపుటకై దానికి ఎఱ్ఱరంగు వేయుదురు. అందుచేత మడ అడవియు, ఇలకూర బీడును, వరిపొలమును ఆ చిత్రమున ఎఱ్ఱగా నుండును. దట్టమైన మడ ముదురెఱుపు, పలుచని ఉప్పుమొక్కలు లేతయెఱుపు.

వినుటకు ఇది సులువు. చేయుటకు కాదు. ఆటుపోట్లు గల తీరమున ఒక పూట కనబడిన బురద మఱియొక పూట నీటి క్రింద నుండును. పోటు వేళ తీసిన చిత్రమును, ఆటు వేళ తీసిన చిత్రమును ప్రక్కప్రక్కన నుంచి, ఇంత బీడు నశించినదని చెప్పువాడు ప్రభుత్వమును మోసగించినవాడగును. పులికాటు విస్తీర్ణమును గూర్చి వేఱువేఱు గ్రంథములు వేఱువేఱు సంఖ్యలు చెప్పుటకు ఇదియొక కారణము. వానలలో పొంగి వేసవిలో కుంగు సరస్సునకు ఒక్క కొలత యుండదు. కావున ఒకే ఋతువున, ఇంచుమించు ఒకే నీటిమట్టమున తీసిన చిత్రములనే పోల్చవలెను. మఱియు సర్కారుతుమ్మ అల్లుకొన్న చవిటినేలయు చిత్రమున ఎఱ్ఱగానే యుండును. అది మేలైన ఉప్పుబీడో, లేక దానిని కబళించిన ముండ్లపొదయో తెలియవలెనన్న, ఒకడు చిత్రమును చేతబట్టుకొని మోకాలిలోతు బురదలో నడచి చూడవలసినదే. ఉపగ్రహ మెంత పైకెగిరినను నేలపై నడచువాని అక్కఱ తీరలేదు.

పల్నాటిసీమలో బొల్లాపల్లి వంటి మెట్టగ్రామమున పుట్టి, సముద్రమును చూచియెఱుగని విద్యార్థికి ఈ ఉప్పుపర్రల గొడవ మనకేల అను సందేహము కలుగవచ్చును. పల్నాటి అంచున పారు కృష్ణయే దివిసీమకు దిగువను మడ అడవుల నడుమ సముద్రమును చేరును. నాగార్జునసాగరమువద్ద ఆగినది నీరు మాత్రమే కాదు. ఆ నీటితో కొట్టుకొనివచ్చు ఒండ్రుమట్టియు ఆగును. ఒండ్రు తగ్గినచోట అల తీరమును కోయును. పైని ఆనకట్ట వలన కలిగిన మేలును మన పొలములలో చూచెదము. దాని మఱియొక ఫలితము ఇన్నూఱు కిలోమీటర్లకు పైగా దిగువను, ఎవ్వరును కాపురముండని బురదలో కనబడును. ఆ రెండును ఒక్కచోట చూపగలది ఆకాశమునుండి తీసిన చిత్రము.

తీరమును గూర్చిన జాగ్రత్త ఎంత అవసరమో 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెన భయంకరముగా తెలియజేసెను. ఒక్కరాత్రి సముద్రము ఊళ్లపై బడి పదివేలకు మించిన ప్రాణములను బలిగొనెను. ఆనాడు మబ్బుల కదలికను ఎడతెగక చూచుటకు మన దేశమునకు స్వంత ఉపగ్రహము లేదు. ధావన్ కాలమున రూపొందిన ఇన్‌శాట్ వరుసలో మొదటిది 1982లో పైకిపోయి, కొన్ని నెలలకే చెడిపోయెను. 1983లో పోయిన రెండవది నిలిచి పనిచేసెను. తుఫాను మేఘములను చూచు కన్నును, పల్లెలకు వార్త చేర్చు గొంతును ఆ ఒక్క ఉపగ్రహమందే యుండెను.

భూమిని చూచు మన తొలి ప్రయోగ ఉపగ్రహము భాస్కర. అది 1979 జూన్ 7న రష్యా దేశపు రాకెట్టుపై పోయెను. అందు రెండు టెలివిజన్ కెమెరాలు గలవు. పైకి పోయిన పిమ్మట అవి పనిచేయలేదు. నెలలు గడచెను. దాదాపు ఏడాదికి ఒక కెమెరా మేలుకొని చిత్రములు పంపెను. ఆ చిత్రమున ఒక్కొక్క చుక్క ఒక కిలోమీటరు నేలకు గుర్తు. అనగా ఒక ఊరంతయు ఒక చుక్కలో అణగిపోవును. ఉప్పుబీడును అందు వెదకుట వ్యర్థము. కాని కెమెరా కట్టుటయెట్లో, చిత్రము నందుకొనుటయెట్లో మనవారికి తెలియవచ్చినది.

ఆ సంవత్సరముననే అంతకన్న గట్టి దెబ్బ తగిలెను. స్వంత రాకెట్టుతో స్వంత ఉపగ్రహమును నిలుపవలెనని ఏండ్ల తరబడి పాటుపడి ఎస్.ఎల్.వి.-3 అను నాలుగంచెల రాకెట్టును మనవారు సిద్ధపఱచిరి. ఆ పనికి నాయకుడు తరువాతి కాలమున రాష్ట్రపతియైన అబ్దుల్ కలాం. 1979 ఆగస్టు 10వ తేదీ ఉదయమున శ్రీహరికోట నుండి అది లేచెను. మొదటి అంచె చక్కగా మండెను. రెండవ అంచెలో రాకెట్టును అదుపులో నుంచు ఏర్పాటునందు ఒక కవాటము చెడి, దారి తప్పి, రాకెట్టు బంగాళాఖాతమున కూలెను. పైకి లేచి కొలది నిమిషములైనను కాలేదు. పులికాటుమీద ఇంకను పొగ తేలియాడుచుండగనే వందలమంది శ్రమ సముద్రము పాలయ్యెను.

పత్రికల వారు కాచుకొనియుండిరి. ప్రజాధనమును సముద్రమున గలిపితిరని నిందించుటకు కొందఱు సిద్ధముగానుండిరి. నిలువునా అలసిపోయిన కలాంను ముందుకు త్రోసి తాను తప్పుకొనుట అధ్యక్షునకు కష్టము కాదు. లోకమున అధికారులు అట్లు చేయుట అరుదును కాదు. ధావన్ కలాంను వెంటబెట్టుకొని సభకు పోయి, తానే మాటలాడెను. వైఫల్యమునకు బాధ్యత తనదియే యనియు, తన వారి సామర్థ్యమందు తనకు సంపూర్ణ విశ్వాసము గలదనియు, ఏడాదిలోపల ఈ పని జయప్రదమగుననియు చెప్పెను. నిందలన్నియు ఆయనకే తగిలెను. లోపమెక్కడ కలిగినదో వెదకుటకు సంఘములు ఏర్పడి, దొరికిన ప్రతి కొలతను పరిశీలించెను. ఎవరిని తొలగింపవలెనని కాక, ఏది సవరింపవలెనని ఆ పరిశీలన సాగెను.

ఏడాది నిండకుండగనే, 1980 జూలై 18వ తేదీన, ఎస్.ఎల్.వి.-3 మఱల లేచి రోహిణి అను చిన్న ఉపగ్రహమును కక్ష్యయందు నిలిపెను. స్వశక్తితో ఉపగ్రహమును నిలిపిన దేశములలో భారతము ఆఱవదో ఏడవదో అని లెక్కించువారు లెక్కించుకొనిరి. ధావన్ మాత్రము ఆనాటి పత్రికాసభకు కలాంను పొమ్మని, తాను వెనుక నుండిపోయెను. కలాం ఈ సంగతిని బ్రతికియున్నంతకాలము దేశమంతట తిరిగి విద్యార్థులకు చెప్పుచునే యుండెను.

ఉపగ్రహచిత్రములు తెచ్చిపెట్టిన ఒక తగవును ఇచట చెప్పవలెను. మన దేశమున అడవి వందకు ఇరువదిమూడు పాళ్ల నేలలో నున్నదని ప్రభుత్వపు దస్త్రములు చెప్పుచుండెను. హైదరాబాదు సంస్థవారు లాండ్‌శాట్ చిత్రములను పరీక్షించి, 1972-75 నడుమ నిజముగా చెట్లున్న నేల వందకు సుమారు 17 పాళ్లనియు, 1980-82 నాటికి అది సుమారు 14 పాళ్లకు దిగినదనియు తేల్చిరి. దస్త్రమున అడవియని వ్రాసియున్నచోట చిత్రమున చెట్లు లేవు! అటవీశాఖవారు దీనిని ఒప్పుకొనలేదు. పలుచని అడవిని, చిన్నచిన్న తోపులను చిత్రము చూపలేదని వారి వాదము. అందును కొంత నిజము లేకపోలేదు, ఏలయన నాటి లాండ్‌శాట్ చిత్రమున ఒక్కొక్క చుక్క ఎకరమున్నర నేలకు గుర్తు. తుదకు ఉభయులును కలసి కూర్చుండి చిత్రములను మఱల చూచి లెక్క సరిచేసికొనిరి. 1987లో భారత అటవీ సర్వేక్షణ సంస్థ తన మొదటి నివేదికను వెలువరించెను. నాటినుండి ఇంచుమించు రెండేండ్లకొకసారి దేశపు అడవులకు ఆకాశమునుండి లెక్క తీయుచున్నారు. ఆ లెక్కలో మన గోదావరి, కృష్ణల మొగలయందలి మడ అడవులకును చోటు గలదు.

స్వంత చిత్రములు, స్వంత ఉపగ్రహముతో తీయవలెనను సంకల్పమున ధావన్ కాలముననే ఐ.ఆర్.ఎస్. అను వరుస ఆరంభమయ్యెను. అది పైకెగురుటను అధ్యక్షపదవియందుండి చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1984లో ఆయన పదవి నుండి విరమింపగా, యు.ఆర్. రావు ఆ స్థానమునకు వచ్చెను. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఏ రష్యా రాకెట్టుపై బైకనూరు నుండి లేచి, 904 కిలోమీటర్ల యెత్తున తిరుగనారంభించెను. ఇరువదిరెండు దినముల కొకసారి ఒకే చోటిపైకి మరలివచ్చుచుండెను. దాని మేలైన కెమెరా చిత్రమున ఒక్కొక్క చుక్క ముప్పదియాఱు మీటర్ల చదరము, అనగా సుమారు 32 సెంట్ల నేల. ఊరంతయు ఒక చుక్కగా కనబడిన నాటినుండి ఒక చిన్న కమతము చుక్కగా కనబడు నాటికి తొమ్మిదేండ్లు పట్టినది.

ఇది సమయమునకే వచ్చినదనవలెను. ఏలయన 1990 దశకమున మన తీరమంతట రొయ్యల చెఱువులు వేగముగా ప్రాకెను. పర్రభూములు పనికిరాని భూములని అందఱును తలంచుచుండుటచే, వానిని త్రవ్వి గట్లు వేయుటకు ఎవరికిని సంకోచము లేకుండెను. చేపపిల్లలును రొయ్యపిల్లలును పెరుగునది ఆ పర్రలలోని పాయలందేయని జాలరులకు తెలియును. కాని వారి మాట వినువారు తక్కువ. రొయ్యల చెఱువు చిత్రమున దాగదు. సహజమైన పాయ పామువలె వంకరలు తిరుగును. మనుష్యుడు త్రవ్వినది చదరముగా, గీత గీసినట్లుండును. లేతయెఱ్ఱని బీడు నడుమ నల్లని చదరములు ఏటేట పెరుగుట ఎవ్వరు చూచినను తెలియును. 1991 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము తీరమండల నియమములను ప్రకటించినపుడు, పోటు ఎంతవరకు వచ్చును, ఉప్పుబీడు ఎంతవరకు గలదు, మడ అడవి ఎచటినుండి యెచటికి అను సంగతులకు పటములు కావలసివచ్చెను. అహమదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రమువారు ఉపగ్రహచిత్రములనుండి దేశపు తీరమునకంతకును అట్టి పటములు గీచిరి. పటము గీచినంతమాత్రమున బీడు నిలువదు. కాని పటము లేనినాడు బీడు పోయినదని చెప్పుటకును ఆధారముండదు.

పదవి విడిచిన ధావన్ పక్షులవైపు మనసు త్రిప్పెను. ఎంత ఆలోచించినను ఇది వింతగా తోచదు. యౌవనమున రెక్కపై గాలి రాపిడిని కొలిచినవాడు, వార్ధకమున ఆ రెక్కను ప్రకృతి యెట్లు అమర్చినదో చూడగోరెను. పక్షి ఎగురు విధమును విమానశాస్త్రజ్ఞుని కంటితో పరిశీలించి ఆయన వ్రాసిన గ్రంథము 1988లో, అనగా ఐ.ఆర్.ఎస్.-1ఏ ఎగిరిన సంవత్సరముననే, వెలువడెను. ఆయన యేలిన రాకెట్టు కేంద్రమునకు పడమట నున్న పులికాటునకును, దానికి చేరువలో నున్న నేలపట్టు చెఱువునకును గూడబాతులు, రాజహంసలు ఏటేట వేలకొలది వచ్చును. మొగ పూడి సముద్రపునీరు రాకపోయినను, చెఱువు ఎండినను అవి ముందుగా గుర్తించి వేఱుచోటికి పోవును.

శ్రీహరికోట చరిత్రలో దాచరాని ముచ్చట ఇంకొకటి యున్నది. రాకెట్లు రాకమునుపు ఆ దీవియందు పల్లెలు గలవు. యానాదులు అడవిలో దొరకు దుంపలతోను, సరస్సున దొరకు చేపలతోను జీవించుచుండిరి. కేంద్రము వెలసినపుడు ఆ పల్లెలు లేచిపోవలసివచ్చెను. రాకెట్టునకు జనములేని చోటు కావలెను. అట్టి చోటు లేనందున జనమున్న చోటును జనము లేనిదిగా చేసిరి. దేశమునకు కలిగిన లాభమును చెప్పునపుడు ఈ నష్టమును విడుచుట న్యాయము కాదు. అదే సమయమున, మనుష్యులకు రాకపోకలు తగ్గుటచేత దీవిలోని అడవి గొడ్డలికి దూరమై నిలిచినదనుటయు నిజము. ఉపగ్రహచిత్రమున పులికాటు తెలుపునకును సముద్రపు నలుపునకును నడుమ శ్రీహరికోట ముదురెఱ్ఱని చారవలె కనబడును.

మన నేలను చూచు ఉపగ్రహమును మన నేలనుండియే పంపవలెనను కోరిక చిరకాలమునకు తీరెను. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. అను పెద్దరాకెట్టు తన మొదటి ప్రయాణమున సముద్రము పాలయ్యెను. దానితో ఒక ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహమును పోయెను. 1994 అక్టోబరు 15న రెండవ రాకెట్టు శ్రీహరికోట నుండి లేచి ఐ.ఆర్.ఎస్.-పి2ను కక్ష్యలో నిలిపెను. బెంగుళూరున విశ్రాంతి గైకొనుచున్న ధావన్ అప్పటికి డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు. ప్రభుత్వము ఆయనను 1971లో పద్మభూషణముతోను, 1981లో పద్మవిభూషణముతోను గౌరవించియుండెను. 2002 జనవరి 3వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆ సంవత్సరము సెప్టెంబరున శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి.

ఆయన గతించిన పిమ్మట ఆ వరుసలో రిసోర్స్‌శాట్ అను ఉపగ్రహములు 2003, 2011, 2016 సంవత్సరములలో శ్రీహరికోట నుండియే లేచినవి. వాని కెమెరాలలో ఒకటి ఇరువదినాలుగు దినములకొకసారి ఒకే చోటిని చూచి, పదునాలుగు సెంట్ల నేలను ఒక చుక్కగా చూపును. ఇంకొకటి నలువది చదరపు గజములను, అనగా ఒక చిన్న పూరిల్లు పట్టునంత చోటును, చుక్కగా చూపగలదు. ఈశాన్యపు వానలు కురియు నెలలలో పులికాటుపై మబ్బులు విడువవు. కెమెరాకు నేల కనబడదు. ఆ లోపమును తీర్చుటకు రాడారు ఉపగ్రహములు వచ్చినవి. అవి తామే తరంగములను పంపి, నేలను తాకి మరలిన వానిని అందుకొనును. వానికి మబ్బును లేదు, చీకటియు లేదు. అట్టివానిలో పెద్దదియైన నైసార్, అమెరికావారును మనవారును కలసి కట్టినది, 2025 జూలై 30న శ్రీహరికోట నుండి లేచెను. పండ్రెండు దినములకొకసారి అది ఒకే చోటిపైకి మరలివచ్చును. దాని దారి క్రిందనే రాయదొరువు మొగయున్నది. ఇసుక పేరుకొని ఆ మొగ పూడినప్పుడు సముద్రపునీరు సరస్సులోనికి రాదు. నీరు రానిచో రొయ్యలు రావు, చేపలు రావు. మొగ త్రవ్వింపుడని జాలరులు ఎన్నో ఏండ్లుగా అడుగుచున్నారు. ఇసుక ఏ నెలలో ఎంత పేరినదో, నీరు ఎంతవరకు వెనుదీసినదో, ఉప్పుపొర ఎన్ని ఎకరములకు ప్రాకినదో హైదరాబాదున కూర్చున్నవారు ఇప్పుడు తెరపై చూడగలరు.